కింద ఎంతమంది?

జనవరి 12

ఒరేయ్ పొట్టీ,

ఆరడుగులు పెరిగినవాణ్ణి ఇంకా పొట్టీ అంటారేమిటి బావా అని ప్రతి ఉత్తరంలోనూ ఏడుస్తావు. అది మీ అక్క పెట్టిన పేరు, మార్చే అధికారం నాకు లేదు. ఆవిడ ఉన్నప్పుడే బతిమాలి మార్పించుకోవలసింది.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు "ఆహా, అలాగా" అంటూ కూర్చున్నానే, అందులో సగం నాకు వినపడలేదు. టెస్టింగ్ షెడ్డులో గేర్‌బాక్సుల మోత మధ్య అన్నేళ్ళు నిలబడ్డాక చెవులు ఇంకేం మిగులుతాయి? నువ్వేదో కష్టం చెప్పుకుంటే నేను "చాలా సంతోషం" అన్నానేమో కూడా తెలియదు. అందుకని ఉత్తరమే రాయి. కాగితమైతే రెండోసారి చదువుకోవచ్చు.

ఇక్కడి విశేషం ఒక్కటే. ఏటా జలుబు వచ్చినట్టే ఈ ఏడు కూడా డైరెక్టరు నుంచి పిలుపొచ్చింది. విభాగానికి పెద్దగా ఉండమన్నాడు. వద్దన్నాను. ఇది మూడోసారి. మన దేశం సంగతి నీకు తెలుసుగా, నలభై దాటిన ఇంజినీరు చేతికి నూనె అంటుకుని కనిపిస్తే పరీక్ష తప్పినవాణ్ణి చూసినట్టు చూస్తారు. పై వాటాలోకి కొత్తగా దిగిన పెద్దమనిషి మెట్ల దగ్గర పలకరించి, పేరైనా అడక్కుండా "మీ కింద ఎంతమంది?" అన్నాడు. "నా కింద కుర్చీ ఉందండీ" అన్నాను. నవ్వలేదు. మీ అక్క ఉండగా ఇలాంటివాళ్ళకి తనే జవాబు చెప్పేది. "ఆయన కింద ఎవరూ లేరండీ, పైన మాత్రం నేనున్నాను" అనేది. వాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు.

నా బల్ల వదిలి నేనెక్కడికి పోతానురా? పొద్దున్నే వెళ్ళి, గేరు పళ్ళ మీద పల్చగా నీలం రంగు పూసి, చేత్తో ఒక చుట్టు తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూస్తే ఆ రెండు గేర్ల కాపురం ఎలా సాగుతుందో తెలిసిపోతుంది. ఆ కాసేపూ ఇంకేమీ గుర్తు రాదు. ఇంటికొస్తేనే ఇబ్బంది. ఇంట్లో చెడిపోయినవన్నీ బాగుచేసేశాను. తలుపు కిర్రుమనదు, కుళాయి కారదు, గోడ గడియారం సెకను తప్పదు. ఏదో ఒకటి చెడితే బాగుండుననిపిస్తోంది.

మా చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ

ఫిబ్రవరి 4

బావా,

ఫోన్లో మీరు నిజంగానే "చాలా సంతోషం" అన్నారు. నాకు నడుము పట్టేసిందని చెప్పాను. పోనీలెండి, నొప్పి తగ్గింది, సంతోషించండి.

మీ చెల్లెమ్మకి ఆస్పత్రిలో వారానికో షిఫ్టు. నేను వచ్చేసరికి తను ఉండదు, తను వచ్చేసరికి నేనుండను. ఫ్రిజ్ తలుపు మీద చీటీలతో కాపురం చేస్తున్నాం. మీరు అడిగారని కూడా చీటీయే పెట్టాను. "మందులు వేసుకుంటున్నారా అని అడుగు" అని దాని కిందే జవాబు వచ్చింది.

నిన్న నా కిందివాళ్ళిద్దరు నా గదికి వచ్చారు. ఒకాయనకి కిటికీ తెరిచి ఉండాలి, ఇంకొకాయనకి మూసి ఉండాలి. గంటసేపు పంచాయతీ చేశాను. చివరికి సగం తెరవమన్నాను, ఇద్దరికీ కోపం వచ్చింది. నా ఉద్యోగం ఇదీ బావా. నేను వెళ్ళగానే టీ గదిలో మాటలు ఆగిపోతాయి. గేరు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో గుర్తు కూడా లేదు.

ఈ పరాయి దేశంలో పద్ధతి మీకు ఎప్పుడైనా చెప్పానో లేదో. మా కంపెనీలో రెండు నిచ్చెనలు ఉంటాయి. మనుషుల్ని చూసుకునేవాళ్ళది ఒకటి, పని చేసేవాళ్ళది ఒకటి. రెండూ ఒకే ఎత్తు. మా గేర్ల పెద్దాయన ఉన్నాడు, ఆయన కింద ఒక్క మనిషీ లేడు. కానీ మా డైరెక్టరు కూడా ఆయన గదిలోకి తలుపు తట్టి వెళ్తాడు. వచ్చే వేసవిలో ఆ పెద్దాయన రిటైరవుతున్నాడు.

అది సరే గానీ, ఒక చిన్న సంగతి. ఊరికే అడుగుతున్నాను. మీ ఉద్యోగం హోదా పేరు సరిగ్గా ఏమిటి? మీ కింద ఎంతమంది? సున్నా అయితే సున్నా అనే రాయండి, మొహమాటపడకండి. త్వరగా రాయండి బావా.

మీ పొట్టి (ఇంకెన్నాళ్ళో)

ఫిబ్రవరి 26

పొట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాగితంతో ఇదే చిక్కు, రెండోసారి కూడా అదే రాసి ఉంటుంది.

పై వాటా పెద్దమనిషి అడిగితే పరాయివాడు అనుకున్నాను. ఆ ముక్క నీకు రాస్తే, నువ్వూ అదే అడుగుతావా? గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు, పైగా మొహమాటపడకండి అట! నాకెందుకురా మొహమాటం? రాస్తున్నాను చూసుకో. హోదా: సీనియర్ ఇంజినీరు, గేర్లు. పద్దెనిమిదేళ్ళుగా అదే. కింద: సున్నా. ఒకటి కాదు, అర కాదు, సున్నా. ఇంకా పెద్ద అక్షరాలతో కావాలంటే చెప్పు.

నీ కింద నలభై మంది ఉన్నారు. నాకు సంతోషమే. నువ్వు మేనేజరు అయినప్పుడు ఈ వీధి చివరిదాకా చెప్పుకొచ్చింది మీ అక్కే. అప్పుడు ఎవరో "మరి మీవారు?" అంటే మొదటిసారి దానికి జవాబు తోచలేదు. ఇంటికొచ్చి నాతో ఆ మాట చెప్పి నవ్వేసింది. నేనూ నవ్వాను.

చలి తగ్గింది. కుళాయి ఇంకా కారడం లేదు.

బావ

మార్చి 18

బావా! బావా!

సున్నా! ఆ సున్నా చూసి ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. పద్దెనిమిదేళ్ళు, ఒకటే పని, కింద సున్నా! ఇంతకన్నా ఏం కావాలి? మీరిలాగే ఉండండి. డైరెక్టరు మళ్ళీ పిలిచినా వెళ్ళకండి. మీలాంటివాళ్ళకి అది సరిపడదు. ఎందుకో అడగొద్దు, నా మాట వినండి అంతే.

నాకు కోపం వచ్చేలా రాశారు గానీ రాలేదు. మీ ఉత్తరం పట్టుకుని ఆఫీసులో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగాను.

ఇంకొన్ని అడుగుతాను, ఇవీ ఊరికేనే. మీ పాస్‌పోర్టు ఇంకా చెల్లుతుందా? మోకాలి నొప్పి ఎలా ఉంది, మెట్లెక్కగలరా? మా వీధిలోనే, మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల, ఒక చిన్న ఇల్లు అద్దెకుంది. మేడ మీద ఒక గది, వంటిల్లు, కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. కుళాయి ఘోరంగా కారుతోంది. మొన్న ఇంటివాళ్ళని అడిగి లోపలికెళ్ళి చూసొచ్చాను. మీ చెల్లెమ్మ కూడా చూసింది. "ఎవరికోసం?" అని ఫ్రిజ్ మీద చీటీ పెట్టింది. నేను జవాబు రాయలేదు.

మళ్ళీ రాస్తాను. ఈలోగా మీరు మాత్రం కదలకండి.

మీ పొట్టి

ఏప్రిల్ 9

శ్రీ మేనేజరుగారి దివ్యసముఖమునకు,

తమరు నా సున్నాను చూసి ఆనందించినందుకు ధన్యుణ్ణి. నాలాంటివాళ్ళకి పైకెళ్ళడం సరిపడదని, ఉన్నచోటనే పడి ఉండమని సలహా ఇచ్చారు. ఇల్లు కూడా మారుతున్నట్టున్నారు. శుభం. కొత్తింట్లో కుళాయి కారుతోందని నాకెందుకు రాశారో మాత్రం అర్థం కాలేదు. నేనేమైనా కుళాయిలు బాగుచేసేవాణ్ణా?

తమరికి ఒక విశేషం మనవి చేసుకుంటాను. మీ ఉత్తరం అందిన మర్నాడే డైరెక్టరు గదికి నేనే వెళ్ళాను. పిలవకుండా వెళ్ళడం ఇదే మొదలు. సరేనన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇప్పుడు నా కింద ముప్పై ఇద్దరు. రాసుకోండి. ముప్పై, ఇద్దరు.

నాకో గది ఇచ్చారు. తలుపు మీద పలక. ఒక సెక్రటరీ. షెడ్డు కనిపించని వైపు కిటికీ. నా బల్ల, నా కొలత సామాను, రంగు డబ్బాలు అన్నీ మా విభాగంలో కొత్తమ్మాయికి అప్పజెప్పాను. కొత్తమ్మాయి అంటున్నాను గానీ చేరి ఎనిమిదేళ్ళయింది, ఆ బల్ల ఖాళీ కాక అన్నాళ్ళూ రిపోర్టులు రాస్తూ కూర్చుంది. తాళంచెవి చేతిలో పెడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ వచ్చాయి, కారణం వేరు.

పై వాటా ఆయన మెట్ల మీద కనబడితే నేనే ఆపి చెప్పాను. "ముప్పై ఇద్దరేనా?" అన్నాడురా.

చూడు, కోపంలో ఉండి కూడా "రా" అనేశాను. ఇట్లు, మీ తోటి మేనేజరు.

ఏప్రిల్ 30

బావా,

ఎంత పని చేశారు. కాదు, ఎంత పని చేశాను.

మా పెద్దాయన చోటుకి మీ పేరు నేనిచ్చాను. జనవరి నుంచీ అదే పనిలో ఉన్నాను. పేరిచ్చినవాడు బంధువైతే, ఎంపిక సంఘం పిలుపు పంపి జవాబు అందుకునేదాకా అవతలివాళ్ళకి చెప్పకూడదని ఇక్కడ కట్టుబాటు. చెప్పనని సంతకం పెట్టాను. అందుకే ఊరికే ఊరికే అంటూ అడిగాను. ఈ నిచ్చెన మీద "కింద ఎంతమంది" అన్న ప్రశ్నకి సున్నాయే మంచి జవాబు బావా. ఒకరున్నా మార్కులు తగ్గిస్తారు. మనుషుల్ని చూసుకునేవాడికి పని మీద చెయ్యి ఉండదని వీళ్ళ నమ్మకం. మిమ్మల్ని వెక్కిరించడానికా నేను అడిగింది? మీ దగ్గర ఆ ప్రశ్న ఎలా ఉంటుందో మీరు ముందు ఉత్తరంలోనే రాశారు, చదివీ నాకు తట్టలేదు. నా బుర్రకి ఇక్కడి గాలి పట్టేసింది.

మార్చి నెలాఖరున ఏడుగురిలోంచి మిమ్మల్నే ఎంచారు. మీ ఫ్యాక్టరీ చిరునామాకి పిలుపు పంపారు. దానికి వచ్చిన జవాబు నా ముందే ఉంది. "వారు ప్రస్తుతం విభాగాధిపతి. సాంకేతికమైన పనులు స్వయంగా చేయరు. మీ ఆసక్తికి కృతజ్ఞతలు." కింద మీ సంతకం లేదు. ఎవరు రాశారు బావా ఇది?

నేను సంఘం దగ్గరికి పరిగెత్తాను. వాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. జూలైలోగా మళ్ళీ చేత్తో పని చేసే చోటుకి వస్తే చాలు, తీసుకుంటామన్నారు. అంతవరకూ ఆ చోటు అలాగే ఉంచుతారట.

మేడ మీద గది మీ కోసమే. అద్దె మాట్లాడేశాను. మీ బల్ల మీకు తిరిగి ఇమ్మని అడగండి. సిగ్గుపడకండి, కోపగించుకోకండి, అడగండి.

మీ పొట్టి

మే 24

ఒరేయ్ పొట్టీ,

ఆ జవాబు రాసింది మా సెక్రటరీ. ఇక్కడ మేనేజరుకి వచ్చే ఉత్తరాలు సెక్రటరీ విప్పుతుంది. బల్ల దగ్గర పని చేసినన్నాళ్ళూ నా కవర్లు నేనే చించుకున్నాను, ఈ పద్ధతి నాకు తెలియదు. అడిగితే ఆవిడ తెల్లబోయింది. "చిన్న ఉద్యోగానికి పిలిచారు సార్, మీకు చూపిస్తే బాధపడతారని మర్యాదగా వద్దన్నాను" అంది. నా పరువు కాపాడింది పాపం. ఏమనను?

డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. నా బల్ల నాకిచ్చేయండి అన్నాను. ముందు నవ్వాడు. తరవాత భయపడ్డాడు. "ఏం జరిగింది? ఎవరైనా ఏమైనా అన్నారా? ఒంట్లో బాగుందా?" అని వరసపెట్టి అడిగాడు. పై నుంచి కిందికి దిగుతానని ఈ ఫ్యాక్టరీలో ఇంతవరకూ ఎవరూ అడగలేదట, ఏ కారణం రాయాలో కూడా తెలియదట. అయినా మంచివాడు. పైవాళ్ళతో మాట్లాడి, సరే, మీ బల్లకి మీరు పోవచ్చు అన్నాడు. ఆ అమ్మాయిని మళ్ళీ రిపోర్టులకి పంపించేస్తాం అన్నాడు.

షెడ్డుకి వెళ్ళాను. ఆ పిల్ల మోచేతులదాకా నీలం రంగుతో గేరు మీదికి వంగి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. ఎవరు చెప్పారో ఏమో, సంగతి దానికి ముందే తెలుసు. నా కొలత సామాను వరసగా తుడిచి, పెట్టెలో సర్ది పెట్టింది. తాళంచెవి బల్ల మీద ఉంచి పక్కకి జరిగింది.

నేను తీసుకోలేకపోయానురా.

తీసుకోవలసింది అంటావు. నాకూ అలాగే అనిపిస్తోంది, ఇది రాస్తూ కూడా. నాలుగు గుమ్మాల అవతల నువ్వుంటావు, ఆదివారం పూట వచ్చి తలుపు కొడతావు, చెల్లెమ్మ చీటీలు నేనూ చదవొచ్చు. రావాలని ఉంది. చెప్పలేనంత ఉంది. కానీ నేను రావాలంటే ముందు ఆ పిల్ల అక్కణ్ణించి లేవాలి. ఒకసారి వెనక్కి పంపితే, రేపు నేను మీ ఊరు వచ్చేసినా ఆ బల్ల దానికి మళ్ళీ ఇవ్వరు. అలా వచ్చి నీ దగ్గర ఏం మొహం పెట్టుకుని పని చేస్తాను?

రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. నీ మీద కోపం లేదు. "సున్నా ఎందుకు కావాలిరా?" అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. అడగకుండా మూతి ముడుచుకుని ముప్పై ఇద్దర్ని నెత్తికెక్కించుకున్నాను. చేతులు కాలాయి, ఇంక ఆకులెందుకు?

మేడ మీద గది వద్దని చెప్పేయి.

బావ

ఆగస్టు 17

బావా,

ఇన్నాళ్ళూ రాయలేదు. మొదట కోపం. ఆ తరవాత ఏం రాయాలో తెలియక. మీరు చేసింది తప్పని పదిసార్లు రాసి చించాను. మీ చెల్లెమ్మ మాత్రం ఒక్క చీటీ పెట్టింది. "అన్నయ్య ఆ తాళంచెవి తీసుకునే మనిషైతే, రాలేదని మనం ఇంత బాధపడేవాళ్ళం కాదు" అని. ఆ చీటీ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

జూలై వెళ్ళిపోయింది. చోటు నిండకపోతే దాన్ని తీసేస్తామన్నారు. ఒకసారి తీసేస్తే మళ్ళీ రాదు. నేను కూర్చుని ఆలోచించాను. తరవాత నలభై మందినీ ఇంకొకావిడకి అప్పజెప్పి, ఆ చోటు నేనే అడిగాను. ఇక్కడ ఒక నిచ్చెన మీంచి ఇంకో నిచ్చెన మీదికి మారడం వింతేం కాదు, ఒక మెట్టు తక్కువకి ఒప్పుకోవాలి, అంతే. ఒక ఏడాది గడువిచ్చారు. ఈలోగా పని వచ్చని చూపించాలి.

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు బావా. పెద్దాయన గదిలో ఒక్కణ్ణీ కూర్చుంటున్నాను. ఎవరూ కిటికీల తగాదా తీసుకురారు. ఆ కిటికీ ఇద్దరూ ఇంత గుర్తొస్తారనుకోలేదు. మొదటి వారమే ఒక గేర్‌బాక్సు తెచ్చి పెట్టారు. ఖాళీగా తిరుగుతుంటే పిల్లిలా ఉంటుంది. బరువు ఎక్కించగానే సన్నగా కూత పెడుతుంది. విప్పాను. రంగు పూసి చేత్తో తిప్పి చూశాను. రంగు సరిగ్గా పళ్ళ నడుమనే చెరిగింది, వంక పెట్టడానికి లేదు. మళ్ళీ బిగించాను. మళ్ళీ కూత. నాలుగుసార్లు విప్పి బిగించాను. నా చుట్టూ కుర్రవాళ్ళు మర్యాదగా నిలబడి చూస్తున్నారు.

ఎక్కడ తప్పు చేస్తున్నాను? మీకు తీరికున్నప్పుడు చెప్పండి.

పొట్టి

సెప్టెంబరు 8

ఒరేయ్ వెర్రి వెధవా,

నలభై మందిని వదిలేసి వచ్చావా? మీ అక్క ఉంటే నీ వీపు విమానం మోత మోగించేది. ఆ తరవాత వీధి చివరిదాకా చెప్పుకొచ్చేది.

నీ ఉత్తరం ఆఫీసు చిరునామాకి వచ్చింది. నా పేరుతో చేత్తో రాసినవి విప్పవద్దని సెక్రటరీకి చెప్పి ఉంచాను, అలాగే తెచ్చి ఇచ్చింది. అప్పుడే ఒక మీటింగు ఉంది. ఒంట్లో బాగాలేదని చెప్పి తలుపేసుకున్నాను. అబద్ధం ఆడడం ఈ ఉద్యోగంలోనే నేర్చుకున్నాను.

ఇప్పుడు విను. బరువు మీద కూసేదానికి చేత్తో తిప్పి చూసింది నమ్మకు. చేత్తో తిప్పినప్పుడు దాని మీద బరువేం ఉంది? బరువు పడ్డాక ఇరుసు వంగుతుంది, పెట్టె కూడా రవంత విచ్చుకుంటుంది. కంటికి కనపడదు. అప్పుడు పన్నూ పన్నూ నడుమ తగలడం మానేసి అంచున తగులుతాయి. కూత అక్కణ్ణించే. కాబట్టి ఇలా చెయ్యి. రంగు పూసి, పెట్టె బిగించి, పూర్తి బరువు ఎక్కించి మెల్లగా కాసేపు తిప్పు. ఆపు. విప్పి చూడు. రంగు ఏ అంచున చెరిగిందో బొమ్మ గీసి నాకు పంపు. రెండు వైపులా గీయి, ఒకవైపే గీసి పంపితే తిడతాను. బేరింగులు కూర్చునే చోట్ల పెట్టెని కొలిచి ఆ కొలతలు కూడా రాయి. వేడెక్కాక ఒకసారి, చల్లారాక ఒకసారి. కుర్రవాళ్ళు చూస్తుంటే చూడనీ. తెలియదని వాళ్ళకే చెప్పు, పట్టుకోమని దీపం చేతికివ్వు.

బొమ్మ చూశాక ఏం చెయ్యాలో రాస్తాను. అది అంచు గీకడమా, పెట్టె సరిచెయ్యడమా అన్నది ఇక్కణ్ణించి నేను చెప్పలేను.

ఈ ముప్పై ఇద్దరూ మంచివాళ్ళే. సెలవులు అడుగుతారు, సంతకాలు అడుగుతారు. ఆ పిల్ల మొదట్లో ఏదో ఒకటి అడగడానికి వచ్చేది. ఇప్పుడు రావడం మానేసింది, దానికి పని వచ్చేసింది. సాయంత్రం షెడ్డు మీదుగా వెళ్తూ ఒక క్షణం ఆగుతాను. అది తలెత్తి నమస్కారం పెట్టి మళ్ళీ వంగిపోతుంది. గేర్ల సంగతి నన్ను అడిగేవాడు ఇప్పుడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే.

బొమ్మ తొందరగా పంపు. పని మాత్రం, నీ పుణ్యముంటుంది, మరీ తొందరగా నేర్చేసుకోకు.

బావ